స్పీకరు పెట్టెల మామ

మా మామ పోయాడు. పోయిన శుక్రవారం పొద్దున గంజి తాగి, గిన్నె నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. భూస్థాపన కూటంలో పాస్టరుగారు ఆయన్ని సాత్వికుడన్నారు. ముందు వరసలో ఉన్న నాకు దగ్గొచ్చింది. పక్కన మా ఇంటాయన తలొంచుకుని కూర్చున్నాడు, ఒక్కగానొక్క కొడుకు కదా. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను, ఉన్నంత మేరకు.

నంద్యాల చుట్టుపక్కల మామను తెలియని మైకుసెట్టువాళ్లు లేరు. బడిలో వడ్రంగం నేర్పే టీచరుగా చేస్తూనే, రిటైరయ్యాక కూడా, ఇంటి వసారాలో పాత స్పీకరు పెట్టెలకు పాలిష్ పెట్టేవాడు. పెళ్లిళ్లకూ కూటాలకూ జాతర్లకూ తిరిగి దెబ్బలు తిన్న టేకు పెట్టెలు చాగలమర్రి నుంచి, ఆళ్లగడ్డ నుంచి బస్సు టాపు మీద వచ్చేవి. పాత రంగును గాజుపెంకుతో గీకి, ఉప్పుకాగితంతో చెక్క చారల వెంబడి రుద్ది, స్పిరిట్‌లో కరిగిన లక్కను దూదిగుడ్డతో పూత మీద పూత వేసేవాడు. పూత ఆరేదాకా ఇంట్లో చీపురు పట్టకూడదు, దుమ్ము లేస్తుంది. తాలింపు పెట్టకూడదు, నూనెపొగ పోయి పూత మీద కూర్చుంటుంది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు నేను ఆళ్లగడ్డ నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. తాలింపు లేని పప్పు తిని తిని ఒకరోజు అడిగేశాను.

"ఇట్లయితే పప్పు గొంతులో ఎట్ల దిగుతాది మామా?"

"నీల్లు తాగు మే. దిగుతాది."

మా ఇంటాయన జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. పని దిగి రాగానే చొక్కా విప్పి వసారాలో పెట్టె ముందర కూర్చునేవాడు. ఆ పనంటే పిచ్చి. అంతకంటే పెద్ద పిచ్చి, వాళ్ల నాయన నోటి నుంచి 'బాగుంది' అనే మాట వినాలని. పెళ్లైన కొత్తలో సిగ్గుపడుతూ నాతో చెప్పుకున్నాడు. ఒక్క మాట, ఎంతసేపు చెప్పండి. ఏళ్లు గడిచినా రాలేదు.

మామ పద్ధతి ఒకటుండేది. కొడుకు పని చేస్తున్నంతసేపూ పలకడు. తప్పు కనబడినా చెప్పడు. పూతలన్నీ అయి, పెట్టె అద్దంలా మెరిసి, కొడుకు చేతులు తుడుచుకుని నిలబడ్డాక అప్పుడు లేచి వచ్చేవాడు. చుట్టూ ఒకసారి తిరిగి, గాజుపెంకు తీసుకుని, పైన ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత గీసేవాడు.

"మల్లా చెయ్."

"ఏం తప్పు నాయనా?"

"అది తెలిసుంటే ఈపాటికి పనోడివి అయ్యుందువు."

గీత పడ్డాక మొత్తం గీకి మొదట్నుంచీ చేయాల్సిందే. నేను వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని, మామకు వినబడాలనే.

ఆళ్లగడ్డలో మైకుసెట్టు నడిపేవాడొకడు, మా పుట్టింటి వీధివాడే, ఒకసారి పెట్టె తెచ్చి, "పెద్దాయనా, నీకు తీరుబాటు లేకుంటే నీ కొడుక్కు ఇచ్చిపోతా" అన్నాడు. కొడుకు అక్కడే ఉన్నాడు.

"వాని చేతికా? శవప్పెట్టె ఉంటే ఇయ్యప్పా. మన్నులోకి పోయేదే కదా, ఎవరూ సూడరు."

వచ్చినవాడు నవ్వాడు. మా ఇంటాయన కూడా నవ్వాడు. నా కడుపు మండింది మాత్రం ఆ రెండో నవ్వుకే.

ఇదీ చెప్పాలి. నా కూతురు పుట్టినప్పుడు ఉయ్యాల చేసింది మామే. పసిదానికి చెక్కపేడు గుచ్చుకుంటుందేమోనని ప్రతి పుల్లకూ తన చెంప ఆనించి చూశాడు. "కంటితో కాదు మే, చేత్తో సూడాల" అని నాకూ చెక్కను తడమడం నేర్పాడు. నేను బాలింతగా ఉన్నన్నాళ్లూ పెట్టెలు ముట్టలేదు. ఆ మంచితనంలో పిడికెడు కొడుక్కు పెట్టి ఉంటే ఏం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాలుగేళ్ల కిందట కళ్లు మసకబారాయి. డాక్టరు నీటికాసులన్నాడు, పోయిన చూపు రాదన్నాడు. చూపు పూర్తిగా పోయినా మామ పని మానలేదు. పోయిన నెల ఆ ఆళ్లగడ్డ మైకుసెట్టాయన జత పెట్టెలు తెస్తే, ఒకటి తడుముకుంటూ మామ చేశాడు, రెండోది మా ఇంటాయన చేశాడు. మామది ఎక్కడికక్కడ ఉండలు కట్టింది. మా ఇంటాయనది చెయ్యి పెడితే జారిపోయేది. తీసుకుపోవడానికి ఆయన వచ్చినరోజు మామను నడిపించుకొచ్చి రెండింటి మధ్య కూర్చోబెట్టాం. ఒక్కో పెట్టె మీద ఒక్కో అరచెయ్యి పెట్టాడు. కుడిచేతి కిందిది కొడుకుది. దాన్ని పైనా పక్కలా నిమిరాడు, నిమిరేకొద్దీ ముఖం విప్పారింది.

"సూడప్పా, కండ్లు పోయినా నా పని ఎట్లుండాదో. బాగుంది. పక్కది వానిది, గరుకు."

మా ఇంటాయన నావైపు చూసి, వద్దని తలూపాడు. నేనేం సాధువును కాను.

"మామా, నీ కుడిచెయ్యి కిందుండేది నీ కొడుకు పని. గరుకుది నీది."

మామ చెయ్యి ఆగింది. తర్వాత మళ్లీ కదిలింది, నెమ్మదిగా, అంచుల వెంబడి, వెనక్కి, కిందికి. వెతుకుతున్నాడు. మా ఇంటాయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. వెనక మూల దగ్గర మామ వేలు ఆగింది.

"అదే అనుకుంటి. ఈడ గరుకుండాది."

నేను తడిమి చూశాను. వచ్చినాయన తడిమి చూశాడు. ఏమీ లేదు, నున్నగా ఉంది. మా ఇంటాయన మాత్రం ఉప్పుకాగితం తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నాయన చెయ్యి కదా, మనకు తెలీదు" అన్నాడు. పెట్టిన పాలిష్ అంతా పోయి వట్టి చెక్క బయటపడేదాకా ఆ మూలను రుద్దాడు.

మనిషి పోతే మనిషి మీది కోపమూ పోతుందనుకున్నాను. పోలేదు. మామను మన్ను చేసి వారం కాలేదు, ఆ పెట్టె ఇంకా మా వసారాలోనే ఉంది. ఆళ్లగడ్డ ఆయన వచ్చి అడిగితే, ఇంకా కాలేదని మా ఇంటాయన పంపించేశాడు. నిన్న పొద్దున నన్ను పిలిచి, నా చెయ్యి పట్టుకుని ఆ మూల మీద పెట్టాడు.

"ఈడ ఇంకా గరుకుండాదా మే?"

లేదన్నాను. మళ్లీ చూడమన్నాడు.