ల్యాంప్ రూమ్ ఎర్ర బల్బు

నిన్న నా కారులో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలగగానే మేనత్త అన్న మాట గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు నాన్న చాంపియన్ రీఫ్స్ బంగారు గని ల్యాంప్ రూమ్‌లో కార్మికుల టోపీ దీపాలకు ఛార్జ్ పెట్టేవాడు. ఛార్జ్ ఎక్కుతున్న ప్రతి దీపం పక్కనా ఎర్ర బల్బు వెలిగేది.

కోలారు ఆసుపత్రిలో అవ్వ చివరి ఘడియల్లో ఉందని తెలిసి, నాన్న పక్కింటివాళ్ల పాత కారు అడిగి తెచ్చాడు. డాష్‌బోర్డులో బ్యాటరీ ఛార్జ్ సంగతి చెప్పే ఎర్ర బల్బు ఊడి, నా కాళ్ల దగ్గర వైరుకు వేలాడుతోంది. వానలో లైట్లు వేసి నడుపుతూ, "ఛార్జ్ ఎక్కతా ఉండాదేమో చూడమ్మా" అన్నాడు నాన్న.

బల్బు బాగా వెలుగుతోంది. "ఎక్కతా ఉండాదప్పా" అన్నాను.

బంగారుపేట దాటాక కారు ఆగిపోయింది. బ్యాటరీకి ఛార్జ్ ఎక్కించే డైనమో బెల్టు జారిపోయి, బ్యాటరీ ఖాళీ అయింది. కారులో ఆ బల్బు వెలిగితే ఛార్జ్ ఎక్కడం లేదని అర్థమట. నాన్న మెల్లగా చెప్పాడు. బస్సు పట్టుకుని చేరేసరికి అవ్వ పోయింది.

"గనిలో అందురికీ దీపాలిస్తావు గదరా, అమ్మ కాడికి ఒక కారు తెచ్చుకోను చేతకాలేదా నీకు?" అంది అత్త, అందరి ముందూ.

నాన్న తలవంచుకున్నాడు. నా పేరు ఎత్తలేదు.

ఆ మాటకు నేను అత్తతో మాట్లాడటం మానేశాను. ఆమె చనిపోయిన రోజున కూడా వెళ్లలేదు. తప్పు నాదని మాత్రం ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.