సుగుణమ్మ తీసెయ్యని పేరు

తొమ్మిదేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. నేను అన్న మాటే. దాన్ని అన్నప్పుడు గదిలో నలుగురం ఉన్నాం. ఇద్దరు నమ్మారు. నమ్మని మనిషికి ఉద్యోగం పోయింది. నాలుగోవాణ్ని నేను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక. తేలికైన దారి ఎక్కడుందో వెతుక్కోవడం నాకు మొదటినుంచీ ఉన్న గుణమే. చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మాది ప్రొద్దుటూరు. ఇంట్లో బట్టల వ్యాపారం. నేను కొట్లో కూర్చోనని మొండికేసి కంప్యూటర్ చదువు చదివాను. ఊళ్లోనే, నగల అంగళ్ల వీధిలో, ఒక మేడమీద రెండు గదుల సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. అందులో చేరాను. స్కూళ్లకూ షాపులకూ వెబ్ పేజీలు చేసేవాళ్లం. చేరిన రెండో ఏడు పులివెందులలోని ఒక ప్రైవేటు డయాలసిస్ సెంటరు పని వచ్చింది. అక్కడ ఆరు మెషిన్లు. కిడ్నీలు పాడైనవాళ్లు వారానికి రెండుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని పోతారు. ఎవరు ఏ రోజు, ఏ పూట వస్తారో వాళ్లే ఫోన్‌లో రాయించుకునేలా ఒక పేజీ కావాలన్నారు. దాన్ని మొత్తం నేనొక్కణ్నే చేశాను. మొదటిసారి ఒంటిచేత్తో చేసిన పని. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఆ సెంటరులో ఫ్రంట్ డెస్కు దగ్గర కూర్చునే ఆమె సుగుణమ్మ. అప్పటికి నలభై అయిదు దాకా ఉంటాయి. జమ్మలమడుగు మనిషి. తాతల కాలంనుంచీ మిషన్ చర్చికి పోయే కుటుంబం, తండ్రి బడిపంతులు. భర్త పోయాడు. కూతురు ఇడుపులపాయలో ఇంజనీరింగు చదువుతుంటే, దగ్గరగా ఉండొచ్చని పులివెందులలో ఈ ఉద్యోగం చూసుకుంది. వచ్చే ప్రతి పేషెంటు పేరు, ఊరు, వెంట వచ్చేది భార్యా కొడుకా అన్నీ ఆమెకు నోటికి వచ్చు. నేను చేసిన పేజీని ఒక్క పూటలో నేర్చుకుంది. రోజూ పొద్దున్నే లిస్టు ప్రింటు తీసి, పేర్లు పిలిచేది.

పేజీ మొదలైన నెలకు ఫోన్ చేసింది.

"ఏమప్పా, లిస్టులో నడమ నడమ ఖాళీ గీతలు వస్తాండాయి. పేరు లేదు, ఊరు లేదు. ఏంది ఇవి?"

ఎవరో ఊరికే నొక్కుతుంటారులే అక్కా అన్నాను. ఆ మాట అన్నాక అరగంట కూర్చుని, ఖాళీ గీతలు లిస్టులో కనబడకుండా చేశాను. ఎందుకు వస్తున్నాయని చూడలేదు. కనబడకుండా మాత్రం చేశాను. ఆమె మళ్లీ ఫోన్ చేసి, ఇప్పుడు బాగుందప్పా అంది. నేను సంతోషపడ్డాను కూడా.

ఇంకో నెల గడిచాక ఓబులేసు సంగతి జరిగింది.

ఓబులేసు వేంపల్లె దారిలో కొండ పక్కనున్న ఒక పల్లెలో సేద్యం చేసుకునే మనిషి. వాళ్ల ఊళ్లో సిగ్నలు వస్తుంది, పోతుంది. ఆయన భార్య మంగళవారం పొద్దుటి పూటకని ఫోన్‌లో నొక్కింది. 'మీ వంతు ఖాయమైంది' అని వచ్చింది. ఆ మాటను నమ్మి ఇద్దరూ మంగళవారం మొదటి బస్సుకు వచ్చారు. లిస్టులో ఆయన పేరు లేదు. ఆరు మెషిన్లకూ మనుషులున్నారు, తర్వాతి పూటలకూ ఉన్నారు. ఎవరైనా రాకపోతే ఎక్కిస్తానని సుగుణమ్మ సాయంత్రం దాకా కూర్చోబెట్టింది. ఆ రోజు అందరూ వచ్చారు. రేపు ఎట్లయినా పెట్టిస్తానని చెప్పి పంపింది. మరుసటి రోజు తెల్లారేసరికి ఆయనకు ఊపిరాడలేదు. ఇంట్లోవాళ్లు కడపకు తీసుకుపోయారు. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు.

బతికాడు. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ఈ విషయం మీకు ఇంత తొందరగా ఎందుకు చెబుతున్నాను? ఎందుకంటే తొమ్మిదేళ్లు నేను దీన్నే పట్టుకుని నిలబడ్డాను. బతికాడు కదా, బతికాడు కదా అనుకుంటూ.

ఓబులేసు భార్య ఫోన్‌లో ఆ పేజీని మూసెయ్యలేదు. దాన్ని తెచ్చి డాక్టరుకు చూపించింది. డాక్టరు మా ఓనరుకు ఫోన్ చేశాడు. రేపు పులివెందులకు పోవాలి, ఏం జరిగిందో చూసి పెట్టుకో అని ఓనరు నాకు చెప్పాడు.

ఆ మధ్యాహ్నమంతా చూశాను. ఆఫీసు వైఫైలో ఎన్నిసార్లు నొక్కినా పేర్లు చక్కగా ఎక్కుతున్నాయి. చివరికి వైఫై ఆపి, ఫోన్‌ను మెట్ల కిందికి, సిగ్నలు సరిగా రాని చోటికి తీసుకుపోయి నొక్కాను. ఖాయమైంది అని వచ్చింది. పైకి వెళ్లి సర్వరులో, అంటే రాయించుకున్న పేర్లన్నీ చేరే కంప్యూటరులో, చూస్తే ఖాళీ గీత.

కోడ్ తెలియనివాళ్లకు కూడా ఇది అర్థం కావాలి, లేకపోతే నేను చెప్పేదంతా వృథా. మేం రాసే భాషలో 'దిస్' అని ఒక మాట ఉంది. 'ఇది' అని అర్థం. ఓబులేసు ఫారం పని జరుగుతున్నప్పుడు 'ఇది' అంటే ఓబులేసు ఫారం, 'దీని పేరు' అంటే ఓబులేసు పేరు. సిగ్నలు లేక పేరు పంపడం కుదరకపోతే, మూడు సెకన్లు ఆగి మళ్లీ పంపమని నేను టైమరుకు అప్పజెప్పాను. ఇట్లా తర్వాత చెయ్యమని అప్పజెప్పే పనిని కాల్‌బ్యాక్ అంటాం. నేను పనిని అప్పజెప్పాను గానీ, అది ఎవరి ఫారం పనో దాంతోపాటు కట్టి ఇవ్వలేదు. మూడు సెకన్ల తర్వాత 'ఇది' అంటే ఫారం కాకుండా పోయింది, పేజీ తెరిచి ఉన్న బ్రౌజరు కిటికీ, అంటే విండో, అయింది. ఆ కిటికీకి కూడా పేరు అని ఒకటి ఉంటుంది, మామూలుగా ఖాళీగా; ఊరు అసలే ఉండదు. ఆ ఖాళీ పోయి సర్వరులో చేరింది. ఖాళీ వస్తే వద్దనమని సర్వరుకు నేను చెప్పలేదు. తప్పు జరిగిందని ఎక్కడా ఎర్రని అక్షరాలు రాలేదు. వంతు ఖాయమైందని పేజీ చెప్పేసింది.

అంటే సిగ్నలు బాగున్న టౌనువాళ్లకు ఏమీ కాలేదు. పల్లెలవాళ్ల పేర్లే పోయాయి.

సరిచెయ్యడానికి ఒక్క లైను మార్చాను. ఎవరికీ చెప్పకుండా ఎక్కించేశాను. నిజం చెప్పాలంటే, తప్పు ఎక్కడుందో దొరికినందుకు ఒక చిన్న సంతోషం కూడా కలిగింది. నాలాంటి పని చేసేవాళ్లకు ఆ సంతోషం తెలుసు. ఆ క్షణంలో ఓబులేసు గుర్తుకు రాలేదు.

మరుసటి రోజు డాక్టరు గదిలో డాక్టరు, మా ఓనరు, సుగుణమ్మ, నేను.

"పేజీలో ఖాయమైందని చూపిస్తాంది. లిస్టులో లేదు. యాడికి పోయింది పేరు?" అన్నాడు డాక్టరు.

ఓనరు నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపు సుగుణమ్మ అంది, "నేను తీసెయ్యలేదు సార్. ఓబులేసు పేరు నేనెందుకు తీసేస్తా?" నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పప్పా. ఖాళీ గీతలు వస్తాండాయని నీకు ఫోన్ చేసినా గదా."

"ఏం గీతలు?" అని డాక్టరు నన్ను అడిగాడు.

"అవి వేరే సార్. మేం టెస్టింగు చేసినవి," అన్నాను. "ఒకసారి ఎక్కిన పేరు దానంతట అది పోదు సార్. ఎవరైనా తీసేస్తేనే పోతుంది."

"తీసేసే వీలు ఎవరికుంది?"

"ఫ్రంట్ డెస్కుకు."

ఆమె పేరు నేను ఎత్తలేదు. ఈ సంగతి కూడా చాలాకాలం నాకు పనికొచ్చింది. పేరు ఎత్తలేదు కదా. ఎక్కిన పేరు పోదన్నది నిజమే కదా. ఓబులేసు పేరు అసలు ఎక్కనే లేదని మాత్రం చెప్పలేదు. అబద్ధానికి నిజాన్ని అంటిస్తే ఎంత గట్టిగా నిలుస్తుందో ఆ రోజు చూశాను.

సుగుణమ్మ నన్నే చూస్తూ నిలబడింది. కోపంగా కూడా కాదు. లెక్క తప్పు చేసిన పిల్లవాడు తనే దిద్దుకుంటాడేమోనని చూసే టీచరు మాదిరి, కాసేపు ఆగింది. నేను టేబుల్ మీద ఉన్న పేపరువెయిట్‌ను చూశాను.

ఆ వారంలోనే ఆమెను తీసేశారు. తెలిసినవాళ్లకు వంతు ఇయ్యడానికి ఓబులేసు పేరు కొట్టేసిందని సెంటరులో అనుకున్నారు. ఆ మాట జమ్మలమడుగులో వాళ్ల చర్చి దాకా పోయిందని తర్వాత విన్నాను.

ఎందుకు అన్నాను? భయం అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉంది. అయితే భయపడినవాడు తప్పు నాదేనేమో, చూసి చెప్తాను సార్ అని కూడా అనొచ్చు. ఓనరు కోప్పడేవాడు, అంతకంటే ఏం చేసేవాడు? ఇంటికి పంపినా నాకు బట్టల కొట్టు ఉంది. ఆమెకు ఏముంది? ఇది నాకు ఆ గదిలోనే తెలుసు. కంప్యూటరు గురించి నా మాటకూ ఆమె మాటకూ పోటీ పెడితే నా మాటే నిలుస్తుందనీ తెలుసు. తెలిసే అన్నాను. దీన్ని భయం అంటారా?

ఆ తర్వాత ఆ పేజీ బాగా నడిచింది. ఇంకా రెండు ఆసుపత్రులు అడిగి చేయించుకున్నాయి. నాకు పేరొచ్చింది. కొన్నేళ్లకు ఆఫీసు మానేసి, ప్రొద్దుటూరులోనే ఒక ట్రైనింగు సెంటరులో వెబ్ కోడింగు చెప్పడం మొదలుపెట్టాను. ప్రతి బ్యాచికీ కాల్‌బ్యాకుల పాఠం వస్తుంది. నా కోడే బోర్డు మీద రాస్తాను, ఊరూ పేరూ మార్చి. చాలా బాగా చెబుతానని పిల్లలు అంటారు.

పోయిన నెల, ఆ పాఠం చెప్పేటప్పుడు రాజుపాలెం నుంచి వచ్చే ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "ఎర్రరే రాకపోతే, తప్పు జరిగిందని ఎవరికి తెలుస్తాది సార్?"

"వాడేవాళ్లకు తెలుస్తుంది. వాళ్లు ఫోన్ చేసి చెప్తారు. అప్పుడు వినాలి," అన్నాను.

నోటికి వచ్చిన జవాబే. క్లాసు మధ్యలో ఆపి పిల్లల్ని పంపించేశాను. ఆ వారం ఆదివారం జమ్మలమడుగు బస్సెక్కాను.

సుగుణమ్మ చర్చి వెనక సందులో ఉంటోంది. ఇంటి ముందర కుట్టు మిషన్ వేసుకుని ఉంది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. నేను నిలబడే మొత్తం చెప్పాను. ఖాళీ గీతలు ఎందుకు వచ్చాయో, నాకు ఎప్పుడు తెలిసిందో, తెలిసీ ఏమన్నానో. ఆమె మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టుకుని వినింది.

"ఆ గీతల్లో ఓబులేసుది ఒకటి," అంది. "తక్కినవి ఎవరివి?"

తెలియదన్నాను. నేను చూడలేదు. చూసినా పేర్లు ఉండవు. తొమ్మిదేళ్లలో ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు.

"అప్పుడు శానామంది వచ్చి, ఫోన్‌లో నొక్కినామమ్మా అనేవాళ్లు. లిస్టులో లేదు, అబద్ధాలు చెప్పొద్దండి అని కసిరి పంపించినా. ముసిలోళ్లను. నీ లిస్టును నమ్మి." లోపలికి పోయి ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చింది. "రాయి. తెలుగులో రాయి. మా చర్చి సంఘంలో అందరికీ అర్థమయ్యేటట్ల రాయి. ఇంకోటి డాక్టరుకు రాయి, నువ్వే పోయి ఇయ్యాల."

అరుగు మీద కూర్చుని రాశాను. సుగుణమ్మ ఏ పేరూ తీసెయ్యలేదని, నా కోడ్‌లో పొరపాటు వల్ల పేర్లు ఎక్కలేదని, ఆ పొరపాటుకు నేను బాధ్యుణ్నని. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. కాగితం నాకే తిరిగి ఇచ్చింది.

"పేర్లు పోయింది పొరపాటు. సరే. డాక్టరు ముందర నువ్వు అనింది పొరపాటా?"

నేను ఇంకో కాగితం అడిగాను. ఆమె ఇచ్చింది. ఈసారి రాయడానికి చాలాసేపు పట్టింది. రాశాక పైకి చదవమంది. పక్కింటి ఆమె గోడ దగ్గరికొచ్చి నిలబడింది. నేను చదివాను. తప్పు నాదని తెలిసి, తెలిసే, సుగుణమ్మ మీదికి పోయేటట్లు అబద్ధం చెప్పాను అని చదివాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సుగుణమ్మ కాగితాన్ని మడిచి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. క్షమించానని అనలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

అవే మాటలు డాక్టరుకు ఇంకో కాగితం మీద రాసి, మొన్న పులివెందులకు పోయి ఆయన చేతికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, సొరుగులో పెట్టుకుని, పొమ్మన్నట్టు తలూపాడు. ఆయన ఏం చేస్తాడో తెలియదు. సుగుణమ్మకు ఏదైనా తిరిగి వస్తుందని నేను అనుకోవడం లేదు. ఆ ఖాళీ గీతలు ఎవరివో కూడా ఇక ఎవరం చెప్పలేం.

ఒకటి మాత్రం చెప్పగలను. ఆ ఆదివారం జమ్మలమడుగులో బస్సెక్కి కూర్చోగానే నిద్రపట్టింది. ప్రొద్దుటూరులో కండక్టరు భుజం తట్టి లేపేదాకా నాకు తెలియలేదు.