దాదీని గుర్తుపట్టని రేష్మ

ఒక నానమ్మ గుండె ఆగిపోయేంత పని చేసి, దానికే హాలంతా చప్పట్లు కొట్టించుకున్న ఘనురాలిని నేను. ఎలాగో చెబుతాను. విన్నాక తిట్టుకోండి, నాకు అలవాటే.

అప్పట్లో మేడ్చల్‌లో ఒక బడి పిల్లలకు నాటకం నేర్పేదాన్ని. కథ నేనే రాశాను. శామీర్‌పేట పక్క ఊరి నుంచి కొంపల్లి ఫ్లాటుకు మారిన పిల్ల కథ. ఊరి పిల్లలు పట్నందానివంటారు, ఫ్లాట్ల పిల్లలు పల్లెటూరిదానివంటారు. చివరికి ఆ పిల్ల వేదిక మధ్యలో నిలబడి "నాకెవ్వరూ లేరు" అని ఏడవాలి. ఆ వేషం రేష్మది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే ఐదో తరగతి పిల్ల. అమ్మానాన్నలు పనులకు పోతే దాదీయే, అంటే నానమ్మే, పెంచింది.

నాటకకళ మొత్తం నా కొంగునే కట్టుకుని తిరుగుతున్నానని నాకప్పుడు మహా పొగరు. కథ ఇంట్లో చెప్పొద్దన్నాను. పైకప్పు కూలినా సరే, పాత్రలోంచి బయటికి రావద్దన్నాను. ఈ కాలం పిల్లలు పెద్దల మాట వింటారని ఎవరైనా అనుకుంటారా చెప్పండి? రేష్మ విన్నది.

ప్రదర్శన రోజు ఆ పిల్ల ఎంత బాగా ఏడ్చిందంటే, నేను గర్వంతో ఉబ్బిపోయాను. ఇంతలో ముందు వరుసలోంచి దాదీ లేచింది. అది నాటకమని ఆమెకు తెలియక కాదు. పిల్ల ఏడుస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆమెకు చేతకాదు, అంతే. మెట్లెక్కి నేరుగా వేదిక మీదికొచ్చి, కొంగుతో రేష్మ ముక్కు తుడిచింది.

"ఎవ్వరు లేరంటవేంది బేటా? నేను లేనా?"

రేష్మ ఆమెను ఎగాదిగా చూసి, నేను నేర్పిన శుద్ధమైన తెలుగులో, "మీరెవరో నాకు తెలియదు" అంది.

తెర పక్కనుంచి వద్దు వద్దని రెండు చేతులూ ఊపాను. గొంతు వినబడకపోతే అలా చేతులూపుతానని చెప్పిందీ నేనే. రేష్మ బుద్ధిగా గొంతు పెంచి, చివరి కుర్చీ దాకా వినబడేలా అదే మాట మళ్లీ అంది.

దాదీ మొహం పాలిపోయింది. నా వైపు తిరిగి, "మేడం, నా పిల్లకు ఏం నేర్పిన్రు?" అంది. మెల్లగానే అంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ క్షణాన నాటకమూ వద్దు, కళా వద్దు, ఆ పిల్ల ఒక్కసారి దాదీ అంటే చాలనిపించింది.

నేను నోరు తెరిచేలోపు దాదీ అక్కడే చతికిలబడింది. "సరే, తెల్వకుంటె తెల్వకపాయె. పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా?"

"లేదు దాదీ, మస్తు ఆకలైతాంది" అని రేష్మ వెళ్లి ఆమె ఒళ్లో కూర్చుంది.

హాలు చప్పట్లతో మారుమోగింది. హెడ్మాస్టరుగారు కళ్లు తుడుచుకుంటూ వచ్చి, ముగింపు అద్భుతంగా రాశావమ్మా, ఆ పెద్దావిడ ఏ నాటక సమాజం మనిషి అని అడిగారు. సిగ్గు లేకుండా థాంక్సండీ అన్నాను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాటకం వేసే ముందు కథ నానమ్మలకే వినిపిస్తాను, పిల్లలకు కడుపునిండా పెడతాను. పాత్రలోంచి బయటికి రావద్దని మాత్రం ఈ జన్మలో ఎవ్వరికీ చెప్పను.