ఆటలమ్మ ఉన్న ఇంట్లో ప్రెడ్నిసొలోన్

అరవయ్యవ దశకం చివరలో మా చెల్లెలికి మూత్రపిండాల జబ్బు చేసి ఒళ్ళంతా నీరు పట్టింది. విజయనగరంలో ఒక వైద్యుడు ప్రెడ్నిసొలోన్ మాత్రలు రాశాడు. ఒంటిని కాపాడవలసిన శక్తే ఎదురు తిరిగి మూత్రపిండాలను దెబ్బతీస్తోందనీ, ఆ శక్తిని ఈ మాత్ర అణచి ఉంచుతుందనీ వివరించాడు. మాత్రను ఉన్నట్టుండి మానకూడదన్నాడు. ఆటలమ్మ వంటి అంటురోగం ఉన్నచోట మసలకూడదని మరీ మరీ చెప్పాడు. నేను ప్రతి మాటా రాసుకున్నాను. పక్కనే కూర్చున్న చెల్లెలి భర్త తల ఊపాడు. ఇంటిని నడిపే తన తల్లికి మాత్రం అతను ఒక్క ముక్క చెప్పలేదు. అది తలచుకుంటే నాకు నేటికీ ఒళ్ళు మండుతుంది.

నీరు తీసింది. మందు ప్రభావం వల్ల ముఖం గుండ్రంగా ఉబ్బింది. కోడలు ఒళ్ళు చేసిందని ఆ ఇంట్లోవారు మురిసిపోయారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో నౌపడలోని వారింటికి వెళ్ళాను. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. తోటికోడలి చంటిపిల్లకు ఆటలమ్మ పోసింది. అమ్మవారు ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో తాళింపు వెయ్యరు. ఏ రోగానికైనా, ఎవరైనా మందు ముట్టరు. చెల్లెలి మాత్రల సీసా అటకెక్కింది. చెల్లెలు చాప మీద పడి ఉంది. తాగిన గంజి నిలవడం లేదు.

"అన్నియా, సెంబు ఎత్తలేకపోతన్నాను," అంది.

మాత్రలు ఏవని అత్తగారిని అడిగాను.

"ఏటి బాబూ, తల్లి ఇంట్లో ఉంటే మాత్రలేటి? పిల్లకేటైనా అయితే నువ్వొచ్చి సూస్తావా?"

"మరి మా చెల్లికేటైనా అయితే?"

"దీనికేటయ్యింది? మొకం సూడు, గుమ్మడికాయలాగున్నాది!"

"అది బలం కాదండీ, మందు వల్ల వచ్చిన ఉబ్బు. ఇలా ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. మీ అబ్బాయికి తెలుసు."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఒరే, నోట్లో ఏటెట్టుకున్నావురా? అప్పుడే సెప్పొచ్చు కదా!"

"సెప్తే ఇంటావేటి నువ్వు?" అని అతను గొణిగాడు.

ఆవిడ తానే పీట వేసుకుని సీసా దింపింది. "ఈ గడప లోపల మాత్రం వద్దు. బయటికి తీసుకుపోయి ఏసుకోండి. తల్లికి నేను సెప్పుకుంటాను."

ఉప్పుమడుల పక్కన వారికొక పాక ఉంది. నులక మంచం మీద చెల్లెలిని అక్కడికి మోసుకుపోయాం. మొదటి మాత్ర కక్కేసింది. రెండవది నిలిచింది. మర్నాడు రైల్లో విజయనగరం చేర్చాను. మోతాదు సరిచేస్తూ వైద్యుడు నన్నే కోప్పడ్డాడు. ఆటలమ్మ ఈపాటికే అంటుకుని ఉంటే ఇప్పుడే పైకి తేలదనీ, మూడు వారాలు కనిపెట్టి చూడాలనీ, ఈ మందు వాడేవారికి అది ఊపిరితిత్తుల దాకా పాకవచ్చనీ చెప్పాడు. మందు ఆపితే ఒక ప్రమాదం, వేస్తే మరొకటి. ఎవరి మీద కోప్పడినా ఆ భయం తగ్గదు.

చెల్లెలిని మా ఇంట్లోనే ఉంచుకున్నాను. అప్పటినుంచి తెల్లవారగానే ఆమె మెడ, చేతులు పరీక్షించడమే నా పని. చెమటకాయలు కనిపించినా వెలుతురులోకి తిప్పి మళ్ళీ చూసేవాణ్ణి. గడువు దాటింది, ఇక రాదని వైద్యుడు చెప్పిన మరునాడు కూడా కళ్ళద్దాలు తుడుచుకుని ఆమె మోచేతి మీద ఒక ఎర్రని మచ్చ దగ్గర ఆగిపోయాను.

"దోమ కుట్టినాది అన్నియా," అంది చెల్లెలు, చెయ్యి లాక్కుంటూ. "దాన్ని కూడా రాసుకుంటావేటి?"