తడి కొంగు

యశ్వంతనగర్‌లో మా మేనత్త ఇంటి చుట్టూ మొక్కలన్నీ ఇనుప గనుల దుమ్ముతో ఎర్రగా ఉండేవి. పక్కింటివాళ్లు "అక్కా, మా మల్లెకు రోగమొచ్చినట్లుండాది" అని పిలిస్తే, ఆమె మొదట కొంగు తడిపి ఒక ఆకు తుడిచేది.

"మొకం తుడవకుండా రోగమేందో ఎట్ల సెప్పేది?" అనేది.

నేను బడి నుంచి ఏడుస్తూ వచ్చినా అంతే. ఆ కొంగుతోనే నా ముఖం తుడిచి, ఆ తర్వాతే "ఏమాయప్పా?" అని అడిగేది. తుడవగానే ఆకు నిగనిగలాడేది, నా ఏడుపూ ఆగేది.

ఇప్పుడామె లేదు. కురుగోడులో మా పెరటి మల్లె ఆకులు పండుబారాయి. ఇక్కడ గని దుమ్ము లేదు. అయినా టవల్ కొస తడిపి ఒక ఆకు తుడిచాను. టవల్‌కు ఏమీ అంటలేదు, ఆకు పసుపుగానే ఉంది.

తుడిచినా పోకపోతే ఏం చేయాలో అత్తను ఎన్నడూ అడగలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ అవసరం రాలేదు.