రొట్టె విరిగిన చప్పుడు

నిజాం రోజుల్లో, రాయచూరు వైపు కరువుకు తాళలేక గద్వాలలో మా మగ్గాల వీధికి వచ్చి చేరిన అవ్వ ఆమె. ఎండిన జొన్నరొట్టెను చెవి దగ్గర పెట్టుకుని విరిచి, పటుక్కుమంటేనే మనిషికి పెట్టేది.

తిరుపతి దేవుడికి పంచెలు నేసినన్నాళ్లూ మా నాన్న ఒంటిపూట, అదీ ఇంటివంటే తినేవాడు. అయినా ఆమె రోజూ రొట్టె తెచ్చేది. పరాయి చేతి వంట అని నేను దాన్ని పెరట్లో ఆవుకు వేసి, “నాయన మెచ్చుకున్నడవ్వా” అనేదాన్ని.

ఒకరోజు అలాగే వేసి వచ్చేసరికి ఆమె ఇంకా గడప దగ్గరే ఉంది.

“మీ నాయన తినడని నాకు తెల్వదా బిడ్డా? ఒక్కపూటే పొయ్యి అంటుపెడ్తరు, నీకు ఆకలైతదని తెచ్చిన. తిన్నవా?”

“తిన్న” అన్నాను.

పెరట్లో ఆవు నోట రొట్టె పటపటా విరుగుతోంది. ఇద్దరం విన్నాం.