వెనక్కి తిరగకూడని బేరం

మొన్న వాన పడిన రోజు తబూక్‌లోని మా దుకాణానికి ఒక సౌదీ అమ్మాయి కొండలెక్కే చేతికర్రలు కొనడానికి వచ్చింది. ఆమె వెంట వచ్చిన కుక్క గడప దగ్గర నిలబడి ఒళ్లంతా ఒక్కసారి విదిలించింది. తడిసిన కుక్కబొచ్చు వాసన, దాని కాళ్లకు అంటుకుని వచ్చిన షీహ్ ఆకు వాసన, అదే మన మాచిపత్రిని వేళ్ల మధ్య నలిపితే వచ్చే చేదు ఘాటు, రెండూ కలిసి దుకాణమంతా నిండాయి. అమ్మాయి ధర తగ్గించమంది. నేను ఎదురు ధర చెప్పలేదు. బేరంలో ఎదురు ధర చెప్పకపోవడమంటే మా వంశంలో గుండె ఆగినంత పని. ఆమె అడిగిన ధరకే ఇచ్చేశాను. ఆమె కర్రల పొడవు సరిచూసుకుంటుంటే నేను నా కుడి అరచేయి చూసుకుంటూ కూర్చున్నాను. తొమ్మిదేళ్ల వయసులో ఒక కుక్క మెడతాడు అక్కడ గీసిన గీత ఎప్పుడో మానిపోయింది. వాన పడితే మాత్రం మండుతుంది.

మాది రాయచోటి దగ్గర పల్లె. నేను పుట్టకముందే నాయిన ఇక్కడికి చేరి, తనకు పూచీ ఉన్న ఒక సౌదీ కఫీలు పేరు మీద గుడారాలు, కంబళ్లు, స్టవ్‌లు, ఎంత మసిబారినా సొట్ట పడని టీ కెటిళ్లు అమ్మే కొట్టు నడిపేవాడు. చలికాలం వచ్చిందంటే మా సందులో ఎదురుగా యెమెన్ తాత తేనె డబ్బాల మూతలు తెరిచి పెట్టేవాడు, పక్కన పెషావర్ ఆయన పొయ్యిలోంచి రొట్టెలు పొగలు కక్కుతూ బయటపడేవి, మేడ మీద మా ఇంట్లో అమ్మ సంగటి గెలికి శెనక్కాయల చట్నీ నూరేది, పండగకు మంచి బెల్లం దొరక్కపోతే ఖర్జూరం గుజ్జుతోనే ఓళిగలు కాల్చేది, ఆ గింజల్ని కడిగి ఎండబెట్టుకుని మేం పిల్లలం కొట్టు గడప మీద అచ్చనగండ్లు ఆడుతూ, పెద్దవాళ్ల బేరాలన్నీ చెవిన వేసుకుంటూ పెరిగాం.

ఎదుటివాడు చెప్పిన ఏ అంకెనైనా సగానికి కోస్తే తప్ప నాయినకు నిద్ర పట్టేది కాదు. డాక్టరు పది రోజులు మాత్రలు మింగమంటే అయిదు రోజులకు ఒప్పించి వచ్చేవాడు. కొనేటప్పుడు మా ఇంటికొక పద్ధతి ఉండేది. ధర తెగకపోతే నేను నాయిన చొక్కా అంచు పట్టి లాగి, “పోదాం నాయినా, బాగలేదు” అనాలి. వెంటనే లేవాలి. లేచినాక తటపటాయించకూడదు, దారి వెతుక్కుంటూ నిలబడకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి తిరగకూడదు. తిరిగితే మన ఆశ బయటపడుతుంది. అమ్మేవాడు ఒకసారి పిలిస్తే ధర కొంచెం దిగినట్టు, రెండోసారి పిలిస్తే ఇంకొంచెం. మూడో పిలుపుకు మాత్రం ఏదో మరిచిపోయినవాళ్లలా ఆగాలి. ఈ విద్యలో ఆ సందులో నన్ను మించిన పిల్ల లేదని నాకు మహా గర్వం.

ఆ చలికాలం తమ్ముడు పుట్టాడు. ఏడో రోజు అఖీఖాకు, అంటే మగబిడ్డ పేరున ఇచ్చే బలికి, రెండు మేకపోతులు కావాలి. సంతలో కొంటే మధ్యవాళ్లు తింటారని, పడమటి కొండల్లో, జబల్ అల్‌లౌజ్ వైపు మంద మేపే ఇద్రీస్ దగ్గరికే పోవాలని నాయిన తీర్మానించాడు. ఇద్రీస్ సూడాన్ మనిషి. మా కొట్లో గుడారం కొన్నప్పుడు చెప్పిన ధర చెప్పినట్టు చేతిలో పెట్టి, ఇంకా ఎక్కువ చెప్పి ఉండాల్సిందని నాయినను రెండు రోజులు కుమిలిపోయేలా చేసినవాడు.

“మబ్బు పట్టిందయ్యా. సగానికడిగి సాయంత్రం దాకా కూచోవాకు. అయినా బిడ్డెందుకు ఆ కొండల్లోకి?” అంది అమ్మ మంచం మీంచే.

“పాప లేకుంటే బేరం తెగదు మే,” అన్నాడు నాయిన. ఆ మాటకు నేను పొంగిపోయి, స్వెటర్ తిరగేసి తొడుక్కున్నాను.

పికప్‌ను లోయలో ఆపి నడక మొదలుపెట్టాం. ఎర్రటి గండశిలలు, వాటి సందుల్లో ఆకు రాల్చిన అడవి బాదం చెట్లు, అడుగేస్తే కాలి కింద నలిగి ఘాటెక్కే షీహ్ పొదలు, పైన ఎక్కడో శిఖరం మీద పిండి చల్లినట్టు మంచు. ఒక రాళ్ల కుప్ప దగ్గర మలుపు తిరిగామో లేదో, బూడిదరంగు కుక్క ఒకటి చప్పుడు లేకుండా వచ్చి మా వెనకాల నడవసాగింది. మొరగదు, దగ్గరికి రాదు, దూరం పోదు. కుక్క నోరు తగిలితే ఏడుసార్లు కడుక్కోవాలని, అందులో ఒకసారి మట్టితోనని అమ్మ నేర్పిన పిల్లను కాబట్టి, నేను నాయిన నీడలో నీడనై, చేతులు చంకల్లో దోపుకుని ఎక్కాను.

ఇద్రీస్ గుడారం చిన్న చదును మీద ఉంది, మేం అమ్మిందే. కుక్కను “రమాద్” అని పిలిచి కూర్చోబెట్టాడు. బూడిద అని అర్థమట. మరమియా అనే ఘాటైన ఆకు వేసిన తియ్యటి టీ ఇచ్చి, రెండు పోతుల్ని చూపించి, ఒక్క ధర చెప్పాడు. నాయిన సగమన్నాడు. ఇద్రీస్ నవ్వి మళ్లీ అదే ధర చెప్పాడు. నాయిన పోతు పళ్లు చూశాడు, నడుము నొక్కాడు, పెదవి విరిచాడు. ఇద్రీస్ ఆకాశం వంక చూసి, తొందరగా తెమల్చండి, మబ్బు దిగుతోందన్నాడు. నాయిన నా వైపు చూసి కన్ను గీటాడు. అమ్మేవాడు తొందరపెడుతున్నాడంటే మెత్తబడ్డాడన్నమాట.

నేను చొక్కా లాగాను. “పోదాం నాయినా, బాగలేదు.”

లేచాం. బేరం తెంచుకుని లేచినవాడు ఎటు పోవాలా అని దిక్కులు చూస్తే పరువేముంది? గుడారం ముందు లేచినప్పుడు మా ముఖాలు ఏ వైపు ఉన్నాయో ఆ వైపే విసవిసా నడిచాం. మేం వచ్చింది ఎడమ పక్క రాళ్ల కుప్ప మీదుగా. ఆ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ముప్పై అడుగులు వేశామో లేదో వెనక నుంచి అరుపు వినపడింది.

“ఒకటి,” అన్నాడు నాయిన మూతి బిగించి. “తిరగాకు.”

ఇంకొంచెం దూరం పోయాక మళ్లీ అరుపు, ఈసారి గట్టిగా. గాలికి మాటలు చిరిగిపోయి, అరుపు ఒక్కటే మా దాకా వస్తోంది. రెండు. నా మెడ నరాలు లాగుతున్నాయి తిరగమని. మూడోది వచ్చేసరికి నేను ఆగబోయాను. నాయిన నా భుజం పట్టి ముందుకు తోశాడు.

“ఇంకోటి రానీ మే. మూడుకే ఇంత దిగితే, నాలుక్కి ఊరికే ఇచ్చేట్టుండాడు.”

నాలుగోది రాలేదు.

అడుగులు వాటంతటవే మెల్లబడ్డాయి. ముఖానికి చల్లగా ఏదో తగిలింది. అప్పుడు తిరిగాం ఇద్దరం. గుడారం లేదు, మంద లేదు, మేం నడిచొచ్చిన నేల లేదు. కొండ మీది నుంచి తెల్లటి మబ్బు జారి మా మీద కూర్చుంది, దాంతోపాటు ఇసుకలా గుచ్చే సన్నటి మంచుపలుకులు. నాయిన “ఇద్రీస్!” అని అరిచాడు. ఆ పిలుపు రెండు బారల అవతల ఆగిపోయినట్టనిపించింది. “దిగేదే కదా, దిగుతా పోతే లోయ రాకుండా యాడికి పోతాది,” అని నా చెయ్యి పట్టుకున్నాడు.

నేల వాలుతోంది. కాలి కింద రాళ్లు కదులుతున్నాయి. ఉన్నట్టుండి ఎదురుగా, మబ్బులోంచి బూడిద ముద్దలా రమాద్ ఊడిపడింది. అంతవరకు నోరు తెరవని కుక్క పళ్లన్నీ బయటపెట్టి మొరిగింది. నాయిన నన్ను వెనక్కి నెట్టి రాయి తీసి విసిరాడు. తగిలింది. అది కుయ్యిమని పక్కకు దూకి, మళ్లీ వచ్చి సరిగ్గా అక్కడే అడ్డం నిలబడింది. రెండో రాయి కోసం నాయిన ఒక అడుగు ముందుకేసి వంగాడు. ఆ అడుగు కింద నేల జారింది. మోకాలి మీద కూలబడి, రెండు చేతులతో పొద పట్టుకుని నిలదొక్కుకున్నాడుగాని, కాలి చెప్పు ఊడి మబ్బులోకి పోయింది.

చెప్పు పడిన చప్పుడు కోసం ఇద్దరం చెవులు రిక్కించాం. చాలాసేపటికి, చాలా కిందెక్కడో, వినపడింది.

నాయిన పాకుతూ నా దగ్గరికొచ్చి నా నడుము పట్టుకుని కూర్చున్నాడు. రమాద్ మొరగడం మానింది. మా పక్కనుంచి దాటి నాలుగడుగులు ఎగువకు నడిచి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ తిరిగి చూడడం. మాకు నేర్పినదానికి పూర్తిగా ఎదురు విద్య అది.

“నాయినా, రమ్మంటాంది,” అన్నాను.

“దాన్ని ముట్టుకోవాకు... మీ అమ్మ...” అని మధ్యలో ఆగి, “పట్టుకో మే, గట్టిగా పట్టుకో,” అన్నాడు.

కుడిచేత్తో దాని మెడతాడు పట్టుకున్నాను. ఎడమచేత్తో నాయిన చొక్కా అంచు, బేరాల్లో లాగే అదే అంచు. తాడు అరచేతిలో ఒరుసుకుపోతున్నా వదల్లేదు. తడిసిన బొచ్చు నా మోచేతికి వెచ్చగా తగులుతోంది. నాయిన ఒంటి చెప్పుతో కుంటుతూ ఏవో దువాలు గొణుగుతున్నాడు. రాయి తగిలిన కుక్క కూడా కుంటుతోంది. ముగ్గురిలో సరిగ్గా నడుస్తున్నది నేనొక్కదాన్నే, దారి తెలియనిదాన్నీ నేనే. ఎంతసేపు నడిచామో చెప్పలేను. నాయిన తర్వాత అందరికీ గంట అని చెప్పేవాడు, ఆయన లెక్కన సగానికి కోస్తే అరగంట కావచ్చు. పొగ వాసన ముందు వచ్చింది, తర్వాత మేకల అరుపు, తర్వాత చేతిలో కట్టెతో గుడారం ముందు నిలబడి ఉన్న ఇద్రీస్.

అతను నాయిన ఒంటి కాలి వంక చూసి, గబగబా కంబళి తెచ్చి కప్పాడు. తర్వాత అరబ్బీలో మెల్లగా అన్నాడు. “మేకల కోసం పిలిచాననుకున్నారా? అటు లోయ ఉంది, ఇటు తిరగండని చెయ్యి ఊపుతూ అరిచాను. ఒక్కసారి చూస్తే తెలిసేది. గొంతు పోయింది, దాన్ని పంపాను.”

నాయిన తల వంచుకుని చలిమంటలోకి చూశాడు. నేను చేతులు చాచి, కుక్కను పట్టుకున్నానని ఏడుపు మొదలుపెడితే, “కడుక్కుందువులే తల్లీ, ముందు కాచుకో,” అన్నాడు. ఇద్రీస్‌తో, పోతులకు రెట్టింపు ఇస్తానన్నాడు. ఆ నోట అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

ఇద్రీస్ తల అడ్డంగా ఊపాడు. “పొద్దున చెప్పిందే ధర.”

మబ్బు విడిచాక రమాద్ ముందు, మేకపోతులు వెనక, మేం మధ్యలో రాళ్ల కుప్ప మీదుగా దిగాం. పికప్ తలుపు వేసేముందు నాయిన తన వంతు రొట్టె కుక్క ముందు పెట్టి, రాయి తగిలిన కాలి వంక చాలాసేపు చూశాడు. ఇంటికొచ్చాక అమ్మకు బేరం బాగా కుదిరిందని మాత్రం చెప్పాడు.

ఇప్పుడు నాయిన లేడు, తేనె తాత కొట్టు లేదు, ఇద్రీస్ ఎప్పుడో తన దేశం వెళ్లిపోయాడు. గుడారం ఉన్న చదును మీద ఈమధ్య సెలవు రోజున ఎక్కి చూస్తే కార్ల టైర్ల గుర్తులున్నాయి, రాళ్ల కుప్ప ఎవరో చెదరగొట్టేశారు. ఫోన్‌లో బాణం గుర్తు చూపిన దారినే అందరూ ఎక్కుతున్నారు. మా దుకాణంలో వస్తువులకు ధర చీటీలు వచ్చాయి, లేచి వెళ్లిపోయే గిరాకీలే తక్కువ. నేను కొనడానికి వెళ్తే మాత్రం అన్నీ ఎక్కువ ధరకే కొనుక్కొస్తాను. లేచి నడుస్తానుగాని, మొదటి పిలుపుకే తల తిరిగిపోతుంది.

మొన్న ఆ అమ్మాయి కర్రలు చంకన పెట్టుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని, కుక్క తాడు పట్టుకుని మెట్లు దిగింది. పడమటి కొండలు నడుము దాకా తెల్లగా ఉన్నాయి. నేను గల్లా వదిలి గడప దాకా పరిగెత్తి, “ఇవాళ కొండకు వద్దమ్మా, పైన మబ్బు దిగింది,” అని అరబ్బీలో కేకేశాను. ఆమెకు వినపడలేదు. మళ్లీ కేకేశాను. ఆమె తిరగలేదు.

కుక్క తిరిగింది. నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి నిలబడిపోయింది. తాడు బిగిసి, ఆమె ఆగింది.